గేటు కొట్టినవాళ్ళందరికీ ఇల్లు చూపించాలా?

ప్రశ్న: హనుమకొండలో గోపాల్‌పూర్ దిక్కు మాకు 160 గజాల్లో రెండంతస్తుల ఇల్లుంది. కింద మేముంటాం, పైన ఒక నర్సు కిరాయికి ఉంటుంది. అమ్ముదామని నెల కింద గేటుకు 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు కట్టి, కింద మావారి నంబరు రాశాం. ఫోన్ చేసేవాళ్ళ కంటే నేరుగా గేటు తీసుకొని వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. మావారికి కాజీపేటలో షిఫ్టు డ్యూటీ. పగలు నేను, మా అత్తమ్మ, ఇంటర్ చదివే పాప ఉంటాం. మొన్న ఒక బ్రోకరు నలుగురిని వెంటబెట్టుకొచ్చి, అత్తమ్మ మంచినీళ్ళు తెచ్చేలోపు పాప చదువుకునే గదిలోకి పోయాడు. ఇంకొకరు రాత్రి ఎనిమిదిన్నరకు బెల్లు కొట్టారు. రావద్దంటే కొనేవాళ్ళు పోతారేమోనని భయం. రానిస్తే ఇంట్లో నెమ్మది లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ మొదటి భయం వదిలేయండి. గేటు దగ్గర నుంచి 'సాయంత్రం రండి' అని పంపినంత మాత్రాన నిజంగా కొనేవాళ్ళు పోరు. ఏ కుటుంబమూ ఒక్క చూపుతో ఇల్లు ఖాయం చేసుకోదు. మొదట ఇంటాయన వచ్చి చూసిపోతాడు, తర్వాత భార్యను తీసుకొస్తాడు, ఆ తర్వాత అమ్మానాన్నలో బావమరిదో వస్తారు, చివరికి వాస్తు చూసే ఆయన. మూడు నాలుగు సార్లు రావాల్సిన మనిషిని మొదటిసారి ఐదింటికి రమ్మంటే పోయేదేమీ లేదు. లక్షల బేరంలో ఒక్క పూట ఆగలేనని పట్టుబట్టేవాళ్ళను చూసి మీరే కొంచెం జాగ్రత్త పడాలి.

అట్లాగని వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపొద్దు. గేటు దగ్గరే వాళ్ళ చేతికి ఇంటి వివరాల కాగితం ఇవ్వండి, ఎప్పుడు రావాలో చెప్పండి. లోపలికి మాత్రం వేళ ఖాయం చేసుకున్నవాళ్ళే రావాలి. మేం చెప్పే మిగతా జాగ్రత్తలన్నీ ఈ పద్ధతి నిలబడటానికే.

బోర్డుతో మొదలుపెట్టండి. 'ఇల్లు అమ్మబడును' అని రాసి వేళ రాయకపోతే, ఎప్పుడైనా రావచ్చని మీరే పిలిచినట్టు. ఆ బోర్డు విప్పి కొత్తది రాయించండి: 'ఇల్లు అమ్మబడును. ఫోన్ చేసి, సమయం తీసుకొని రాగలరు. ముందుగా చెప్పకుండా వచ్చినవారికి లోపల చూపించబడదు.' మీవారు రోజూ వాడే నంబరు తీసేసి దీనికోసమే ఒక కొత్త సిమ్ తీసుకోండి. ఫోన్‌లో రెండు సిమ్ములు పడతాయి కాబట్టి వేరే ఫోన్ అక్కర్లేదు. ఇల్లు అమ్ముడుపోయాక కూడా నెలల తరబడి బ్రోకర్ల ఫోన్లు వస్తూనే ఉంటాయి. అప్పుడు ఆ సిమ్ తీసి పక్కన పెట్టేస్తే సరిపోతుంది. బోర్డు మీద ధర రాయొద్దు. దారినపోయే ప్రతివాళ్ళకూ అది చర్చ అవుతుంది. ధర కాగితంలో ఉండాలి.

తర్వాత బెల్లు. మన ఇళ్ళల్లో బెల్లు స్విచ్ చాలావరకు దర్వాజ పక్కన ఉంటుంది. బెల్లు కొట్టాలంటే ఎవరైనా సరే గేటు గడియ తీసి, వాకిలి దాటి, సిట్‌అవుట్ ఎక్కి రావాల్సిందే. మీరు తలుపు తీసేసరికి వాళ్ళు సగం ఇంట్లో ఉన్నట్టే. స్విచ్‌ను గేటు దిమ్మెకు మార్పించండి. వైరు లాగడం కష్టమైతే బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ బెల్లు తెచ్చి, వాన తగలకుండా పైన చిన్న రేకు ముక్క పెట్టి బిగించండి. గేటు గడియకు లోపల నుంచి తాళం వేయండి. సిట్‌అవుట్‌కు గ్రిల్ ఉంటే దానికీ తాళం ఉండాలి. ఆ తాళంచెవిని చాలామంది గ్రిల్ పక్కనే మేకుకు వేలాడదీస్తారు. సందులోంచి చెయ్యి పెడితే అందేంత దగ్గరలో అది ఉంటే తాళం వేసి లాభం లేదు. మూడడుగులకు పైగా దూరంలో, ఇంట్లోవాళ్ళందరికీ తెలిసిన చోట పెట్టండి. ఏదైనా ఆపద వస్తే మీరు బయటికి రావడానికి కూడా అదే తాళంచెవి కావాలి కదా.

ఇక మీ అత్తమ్మ. మీ ఉత్తరంలో అసలు కీలకం ఆమె దగ్గరే ఉందని మాకు అనిపించింది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వకుండా పంపడం ఆ తరం వాళ్ళకు చేతకాదు, చేయమని అడగడం కూడా తప్పు. మీ ఇంట్లో జరిగింది చూడండి. ఆమె నీళ్ళకోసం వంటింట్లోకి తిరిగారు, హాలులో ఎవరూ లేరు, వచ్చినవాళ్ళు గదుల్లోకి నడిచారు. కాబట్టి నీళ్ళు గేటు దగ్గరికే రావాలి. సిట్‌అవుట్‌లో, గ్రిల్ లోపలి వైపు ఒక స్టూలు మీద నీళ్ళ సీసా, రెండు స్టీలు గ్లాసులు ఎప్పుడూ పెట్టి ఉంచండి. ఆమె వంటింట్లోకి పోకుండానే నీళ్ళిచ్చి, మర్యాద తక్కువ కాలేదన్న తృప్తితో మాట్లాడగలుగుతారు.

ఆమె చెప్పాల్సిన మాట కూడా ఒక్కటే ఉండాలి, రోజూ అదే ఉండాలి. 'మా కొడుకే చూపిస్తడు బిడ్డా. ఈ కాగితం తీసుకపోయి ఫోన్ చెయ్యండ్రి.' దీంట్లో కాదనడం లేదు, తగాదా లేదు. 'ఒక్కసారి చూసిపోతం అమ్మా, రెండే నిమిషాలు' అంటే మళ్ళీ అదే మాట. కొత్త కారణం చెప్పిన ప్రతిసారీ వాళ్ళు దానికొక జవాబు వెతుకుతారు. 'పాప చదువుకుంటుంది' అంటే 'సప్పుడు చెయ్యం' అంటారు. 'కొడుకు డ్యూటీకి పోయిండు' అంటే ఇంట్లో మగమనిషి లేడని మనమే చెప్పినట్టవుతుంది. అది అసలే చెప్పకూడదు.

నీళ్ళు తాగుతూ అడిగే ప్రశ్నల గురించి ఆమెకు ముందే చెప్పి ఉంచండి. ఎందుకమ్ముతున్నరు, ఎప్పుడు ఖాళీ చేస్తరు, ఇంతకుముందు ఎంతకు అడిగిండ్రు, ఇంట్లో ఎవరెవరుంటరు... అన్నీ మామూలు ముచ్చట్లలాగే ఉంటాయి. 'బిడ్డ చదువుకు పైసలు కావాలె' అని ఆమె అమాయకంగా అన్న ఒక్క మాట బ్రోకరు చెవిన పడితే, మీకు తొందర ఉందని తెలిసిపోతుంది. సాయంత్రానికల్లా ఆ సంగతి నలుగురు బ్రోకర్లకు చేరుతుంది, అడిగే ధర దిగుతుంది. యజమాని లేని పూట చూసి మధ్యాహ్నం వచ్చే బ్రోకర్లలో కొందరికి కావాల్సింది ఇల్లు చూడటం కంటే ఈ కబురే. మనుషుల ఉద్దేశం తెలుసుకోవడానికి కూడా ప్రశ్నలే గుర్తు. కొనేవాళ్ళు రోడ్డు వెడల్పు, ఎండాకాలంలో బోరు సంగతి, నల్లా ఏ వేళకు వస్తుంది, మున్సిపల్ పర్మిషన్, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), బ్యాంకు లోను వస్తుందా అని అడుగుతారు. ఇంటి గురించి కాక ఇంట్లో మనుషుల గురించే అడిగేవాళ్ళను రెండోసారి పిలవక్కర్లేదు.

ఇప్పుడు కాగితం. ఒక పేజీకి మించకుండా రాసి, ఓ యాభై జిరాక్సులు తీయించి సిట్‌అవుట్‌లో పెట్టండి. జాగ ఎన్ని గజాలు, ఏ ముఖం, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, కింద పైన కట్టుబడి ఎన్ని చదరపు అడుగులు, ఏ సంవత్సరంలో కట్టింది, ఎన్ని గదులు, బోరు లోతు, సంపు ఎన్ని లీటర్లు, నల్లా కనెక్షన్ ఉందా, కరెంటు మీటర్లు ఎన్ని, పర్మిషన్ ఉందా, బ్యాంకు లోను ఏమైనా మిగిలి ఉందా, ధర ఎంత, చూడటానికి ఏ రోజు ఏ వేళ, ఫోన్ నంబరు. ఇంతే. మీ పేర్లు, మీవారి ఉద్యోగం, డాక్యుమెంటు నంబరు దీంట్లో వద్దు. ధర స్పష్టంగా ఉండటం వల్ల ఇంకో మేలుంది. మీరు చెప్పిన ధరకు తన వాటా కలిపి పార్టీకి ఎక్కువ చెప్పే బ్రోకర్లుంటారు. కాగితం నేరుగా కొనేవాళ్ళ చేతిలో పడితే ఆ ఆట సాగదు.

కాగితం ఇచ్చేటప్పుడు వాళ్ళ పేరు, నంబరు అడగండి. చెప్పగానే వాళ్ళ ముందే మిస్డ్ కాల్ ఇవ్వండి. తప్పుడు నంబరు చెప్పినవాళ్ళ సంగతి అక్కడే తేలిపోతుంది. గేటు దగ్గర ఆధార్ అడగడం మర్యాదగా ఉండదు, చూపించినా అది అసలుదో కాదో మీకు తెలియదు. బండి నంబరు రాసుకుంటే ఎక్కువ పనికొస్తుంది.

కరీంనగర్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చాం, మళ్ళీ రావడం కుదరదు అనేవాళ్ళుంటారు. కొందరిది నిజమే. అలాంటివాళ్ళకు బయటి చూపు చూపించండి: ఇంటి ముఖం, రోడ్డు, ప్రహరీ, పక్క ఇళ్ళు. ఇవన్నీ గేటు తీయకుండానే కనపడతాయి. 'ఊళ్ళో ఆగగలిగితే ఇన్నింటికి రండి' అని చెప్పండి. అంత దూరం నుంచి ఇల్లు కొనే పని మీద వచ్చినవాళ్ళు భద్రకాళి గుడికి పోయైనా రెండు గంటలు గడిపి వస్తారు.

వేళలు మీవారి షిఫ్టు చార్టు చూసి వారంవారం పెట్టుకోండి. ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా, వారం మధ్యలో రెండు రోజులు సాయంత్రం 4 నుంచి 6 దాకా చాలు. ఒక్కొక్కరికి అరగంట చొప్పున వరుసగా ఇవ్వండి. ఒకరు పోతుంటే ఇంకొకరు రావడం కనపడితే, ఈ ఇంటికి అడిగేవాళ్ళున్నారని వాళ్ళకే అర్థమవుతుంది. పొద్దుగూకాక ఎవరికీ చూపించొద్దు. దీనికి చెప్పే కారణం కూడా నిజమైనదే: గోడల్లో చెమ్మ, పగుళ్ళు, గదుల్లోకి వచ్చే వెలుతురు ట్యూబులైటు కింద తెలియవు, పగలు చూసుకోవడం కొనేవాళ్ళకే మంచిది. మంగళవారం, అమావాస్య, ఆషాఢమాసం లాంటివి చాలామంది కొనుగోలు మాటకు పెట్టుకోరు కాబట్టి మీ విశ్రాంతి రోజులు అప్పుడు పెట్టుకోండి. పాప పరీక్షల ముందు వారం పూర్తిగా ఆపేసినా కొంప మునగదు.

పైన ఉండే నర్సును మర్చిపోవద్దు. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి తలుపు ఊరికే కొట్టిస్తే, ఆమె ఖాళీ చేసి పోతుంది, మీకు కిరాయీ పోతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళకు పై పోర్షన్ చూపించకండి. రెండోసారి వచ్చినవాళ్ళకు మాత్రమే, అదీ ఒక రోజు ముందు ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకున్న వేళకు.

బ్రోకర్ల సంగతి కొంచెం గట్టిగా పట్టుకోవాలి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్ళల్లోనూ ఇల్లు అమ్మకం చాలావరకు వాళ్ళ చేతుల మీదుగానే నడుస్తుంది, వాళ్ళను దూరం చేసుకోవడం కుదరదు. కానీ షరతులు మీవి కావాలి. మీకు తెలిసిన ప్రతి బ్రోకరుకూ ఒకే వాట్సాప్ మెసేజ్ పంపండి: పార్టీని తెచ్చే ముందు రోజే పార్టీ పేరు, ఫోన్ నంబరు పంపాలి, మేం ఇచ్చిన వేళకే రావాలి, ఇంట్లో వీడియోలు తీయకూడదు, ఒక పార్టీని మొదట ఎవరు తెస్తే కమీషన్ వాళ్ళకే, కమీషన్ ఇంత శాతం, రిజిస్ట్రేషన్ రోజు ఇస్తాం. కమీషన్ మామూలుగా 1 నుంచి 2 శాతం మధ్య మాట్లాడుకుంటారు. 80 లక్షల బేరంలో 1 శాతమంటే 80 వేలు. ఆ పైసల కోసమే చెప్పాపెట్టకుండా రావడం జరుగుతుంది: తన పార్టీని ముందుగా మీ గడప తొక్కిస్తే, రేపు అదే పార్టీ ఇంకొకరి ద్వారా వచ్చినా 'నేనే మొదలు చూపించిన' అనొచ్చు. ఆఖరికి ఇద్దరు బ్రోకర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు మీతో పంచాయితీ పెడతారు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, వేళ, బ్రోకరు పేరు, పార్టీ పేరు, నంబరు. వేళ తీసుకోకుండా గేటు దాకా తెచ్చినది లెక్కలోకి రాదని ఆ మెసేజ్‌లోనే రాయండి. ఈ ఒక్క వాక్యంతో సగం రాకలు ఆగిపోతాయి.

వీడియోల గురించి ఎందుకు పట్టుబడుతున్నామంటే, ఈ మధ్య ఇళ్ళ అమ్మకాల వీడియోలు తీసి యూట్యూబులో పెట్టడం మామూలైంది. వంటిల్లు, పడకగది, బీరువా ఉన్న మూల, పాప ఫొటోలున్న గోడ, వెనక తలుపు, అన్నీ దాంట్లో వస్తాయి. ఎవరికైనా చూపించడానికి కావాలంటే, ఇల్లు సర్దిన రోజు మీరే పది ఫొటోలు తీసి, అవే పంపండి.

ఇక వేళ తీసుకొని వచ్చినవాళ్ళ గురించి. ఇంట్లో మీరిద్దరూ ఉండాలి. ఒకరు ముందు నడిచి గదులు చూపించాలి, ఇంకొకరు అందరి వెనక నడవాలి. గుంపు రెండుగా చీలడమే ప్రమాదం: ఒకరు హాలులో కూర్చుని మాట కలుపుతుంటే ఇంకొకరు మెట్లెక్కుతారు. ఒకసారికి నలుగురికి మించి వద్దు. హాలు, వంటిల్లు, వాష్ ఏరియా, గదులు, చివర డాబా. పాప గదిలో ఆమె ఉంటే తలుపు దగ్గర నిలబడి చూస్తే చాలు. బోరు ఒక పది నిమిషాలు వేసి నీళ్ళు చూపించండి, నిజమైన పార్టీకి అది వంద మాటలతో సమానం. వాస్తు ఆయన ఏదో దోషం చెబితే వాదించొద్దు. చాలాసార్లు అది ధర తగ్గించడానికి వేసే మెట్టు.

వాళ్ళు రాకముందు బీరువా తాళం వేయడమే కాదు, తాళంచెవి ఎక్కడుందో చూసుకోండి. బీరువా పైన, పరుపు కింద, దేవుడి పటం వెనక... ఈ మూడు చోట్లూ అందరికీ తెలిసినవే. పూజగదిలో వెండి కుందులు, టీవీ దగ్గర గడియారం, ఫ్రిజ్ మీద పర్సు తీసేయండి. బంగారం ఇల్లు అమ్ముడుపోయేదాకా బ్యాంకు లాకర్లోనే ఉండాలి. ఇంటి తాళాల గుత్తి గోడకు వేలాడుతుంటే అదీ దాచండి.

డాక్యుమెంట్లు మొదటి రాకలో చూపించొద్దు. రెండోసారి వచ్చినవాళ్ళకు డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఇస్తే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద ఇంతకుముందు జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) వాళ్ళే చూసుకుంటారు. జిరాక్సు ఇవ్వాల్సివస్తే ప్రతి పేజీ మీద అడ్డంగా పెన్నుతో 'కొనుగోలు పరిశీలనకు మాత్రమే', ఎవరికిచ్చారో వారి పేరు, తేదీ రాసి సంతకం పెట్టండి, అక్షరాలు ప్రింటు మీదికి రావాలి. ఒరిజినల్ ఫొటో తీసుకోనివ్వొద్దు. ఆధార్ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఈ నకళ్ళతో దొంగ జీపీఏలు (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చినట్టు రాసే పత్రాలు), దొంగ సంతకాలు పుడతాయి కాబట్టే ఇంత చెప్పడం.

ఇంకో రకం రాక ఉంది. 'ఇయ్యాల మంచిరోజు, మాకు ఇల్లు నచ్చింది, శకునంగా ఈ 1,116 ఉంచండ్రి' అంటూ పెద్దామె చేతిలో పైసలు పెట్టి పోతారు. తెల్లారి నుంచి ఆ ఇల్లు తమకు మాట ఇచ్చినట్టే మాట్లాడతారు, ఇంకొకరితో బేరం చేస్తే తగాదాకు వస్తారు. పైసా కూడా ముట్టుకోవద్దని అత్తమ్మకు గట్టిగా చెప్పండి. బయానా (అడ్వాన్సు) అంటే రాతపూర్వక అగ్రిమెంటు మీద, బ్యాంకు ద్వారా. ఇల్లు అమ్మే విషయంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం జరిమానా పడుతుంది, అంటే అది మీకు.

మళ్ళీ ఎవరైనా చెప్పకుండా లోపలికి వచ్చేస్తే వాళ్ళ వెంట గదిలోకి పోవద్దు. దర్వాజ దగ్గరే నిలబడి, తలుపు బార్లా తీసి, 'బయటికి రండి, ఇక్కడ మాట్లాడుదాం' అని గట్టిగా అనండి. పక్కింటివాళ్ళ నంబరు ఫోన్‌లో పైనే ఉండాలి. రాకపోతే 112కు డయల్ చేయండి. రాత్రిపూట బెల్లు కొడితే గేటు లైటు వేసి, లోపల నుంచే 'పొద్దున ఫోన్ చేయండి' అంటే చాలు, గ్రిల్ తీయక్కర్లేదు.

బయానా రాసుకున్న రోజే బోర్డు విప్పండి, ఆన్‌లైన్ ప్రకటనలు తీయించండి, బ్రోకర్లందరికీ 'ఇల్లు అయిపోయింది' అని మెసేజ్ పెట్టండి. ఆ తర్వాత కూడా కొనుక్కున్నవాళ్ళ చుట్టాలు, పెయింటరు, కప్‌బోర్డులకు కొలతలు తీసే వడ్రంగి వస్తూనే ఉంటారు, ఇల్లు మాదే కదా అన్న చనువుతో. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అది మీ ఇల్లే. అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి: ఇల్లు అప్పజెప్పేలోపు రెండుసార్లు, ఒక రోజు ముందు చెప్పి, పగటిపూట మాత్రమే చూసుకోవచ్చు అని.